‘బాగానే ఉన్నాను’: ఒక లఘుచిత్రము నేర్పిన పాఠము

గ్రామమున ఒకనికి జ్వరము వచ్చినచో నుదుటిమీద చేయి వేసినంతనే ఇంటివారికి తెలియును. కాలు విరిగినచో వీధి వీధికంతకు తెలియును. ఎద్దు మేత మానినచో గమనించి పశువైద్యుని పిలిపించు తెలివి మన రైతులకు తరతరములనుండి కలదు. కాని ఆ ఎద్దు యజమాని నెలలతరబడి రుచి తెలియక అన్నము తినుచు, తెల్లవారుజామున 3 గంటలకే మేల్కొని ఇంటికప్పు వంక చూచుచు పరుండి యున్నను, పగలు నలుగురిలో నవ్వుచు తిరిగినంత కాలము ఆ సంగతి ఎవరికిని తెలియదు. ఈ జబ్బును గూర్చి పంచాయతీ సభ్యులకు చెప్పవలెనని మేము కరపత్రములు వేసితిమి, గోడలమీద వ్రాయించితిమి. వానిని చదివినవారెందరో, చదివి గ్రహించినవారెందరో మాకు తెలియదు. తుదకు ఆ విషయమును మాకే సరిగా బోధపరచినది ఒక చిన్న చలనచిత్రము. దానిని తీసినవారు ఐదుగురు విద్యార్థులు. ఆ చిత్రము తీయుటలో వారు చేసిన పొరపాటులను, మేము చేసిన పొరపాటులను కూడ దాచక ఇచట వ్రాయుచున్నాము.

పలనాడు ప్రాంతమున ఒక కళాశాలయందు పత్రికారచన చదువు విద్యార్థులు చివరి సంవత్సరమున ఒక లఘుచిత్రము తీసి పరీక్షకులకు చూపవలసి యుండును. ముగ్గురు బాలికలు, ఇద్దరు బాలురు గల ఒక జట్టు పల్లెలలో పైకి కనిపించని కుంగుబాటును విషయముగా ఎన్నుకొని, తమకొక గ్రామమును చూపుడని మా కార్యాలయమునకు వచ్చిరి. చిత్రము పూర్తియైనచో గ్రామములలో ప్రదర్శించుటకు మాకును ఉపయోగపడునని తోచి, ఊరు కుదిర్చి మేమును వారి వెంట వెళ్ళితిమి. అది మిర్చి కోతల కాలము. ఊరి వెలుపల కల్లములు కనుచూపు మేర ఎఱ్ఱబారి యుండెను. తాలుకాయలు ఏరు స్త్రీల తుమ్ములు, నవ్వులు దారిపొడవున వినవచ్చుచుండెను. కాయ ఘాటునకు మన బాలురిద్దరు మొదటి పూట కెమెరా పట్టలేకపోయిరి.

మాకు బస ఇచ్చినవారు ఆ ఊరి మాజీ వార్డు సభ్యులొకరు. వారి పేరుగాని, ఊరి పేరుగాని చెప్పము. వారి అనుమతి తీసికొని, ఆనవాళ్ళు కొన్ని మార్చి వ్రాయుచున్నాము. యాబది యేండ్లు దాటిన మనిషి. సొంతము రెండెకరములు, కౌలు మూడెకరములు సేద్యము. మంచి మాటకారి. "మా ఊళ్ళో సినిమా హాలు లేదని ఏడుస్తుంటే సినిమావాళ్ళే ఇంటికొచ్చారు" అని మొదటినాడే అందరిని నవ్వించిరి. పిల్లలకు వేళకు అన్నము పెట్టించుట, కూలీలను కెమెరా ముందు నిలుచుటకు ఒప్పించుట, కరెంటు పోయినప్పుడు పక్కయూరి నుండి జనరేటరు తెప్పించుట, అన్నియు వారే చూచిరి. పిల్లలు వారిని "మామయ్య గారూ" అని పిలుచుచు సాయంకాలము వారి మంచము చుట్టు చేరుచుండిరి.

విద్యార్థులు మొదట వ్రాసికొని వచ్చిన కథ ఇది. ఒక యువరైతు. మాసిన గడ్డము, లోతుకు పోయిన కన్నులు. చీకటి గదిలో మోకాళ్ళలో తల పెట్టుకొని కూర్చుండును. వాకిట అప్పులవాడు, వంటింట ఏడ్చు భార్య. చివరి దృశ్యమున అతడు పురుగుమందు త్రాగును; వెనుక వేణువు మ్రోగును. చిత్రమునకు పేరు ‘చీకటి’. చదివి మేము మెచ్చుకొంటిమి. కంటతడి పెట్టించునని, ప్రజలకు హత్తుకొనునని చెప్పితిమి కూడ. ప్రచారశాఖలో ఇన్నియేండ్లు పనిచేసినవారు ఇట్లు పొరపడుదురా యని ఇప్పుడు తోచును; కాని పొరపడితిమి.

ఆ కథను జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునికి చూపగా వారు రెండు అభ్యంతరములు చెప్పిరి. మొదటిది ఆ ముఖమును గూర్చి. ఈ ముఖముతో ఎవరైనను ఎదురుపడినచో గుర్తించుటకు ఎవరికైనను చిత్రము అవసరమా యని అడిగిరి. తమ వద్దకు వచ్చువారిలో ఎక్కువమంది ఏడ్చుచు రారట. తలనొప్పియని, ఒళ్ళు నొప్పులని, గుండెదడయని, కడుపులో మంటయని, నీరసమని వత్తురట. అంతకుముందు ఊరి ఆర్.ఎం.పి. వద్ద బలమునకు సెలైన్లు ఎక్కించుకొనియు, పట్టణమున స్కానింగులు తీయించుకొనియు వేలు ఖర్చు చేసి, ఏ జబ్బును లేదనిపించుకొని వచ్చినవారే అధికులు. మనసు బాగాలేదని తమంత తాము చెప్పువారు బహు అరుదు. చెప్పుటకు మాట కూడ చాలదు.

ఈ మాట సంగతి యొకటి చెప్పి ముందుకు పోయెదము. చిత్రము దేనిని గూర్చియని రచ్చబండ వద్ద ఒక పెద్దాయన అడుగగా, "డిప్రెషన్ గురించి తాతగారూ" అని మన విద్యార్థి చెప్పెను. "బంగాళాఖాతంలో వచ్చేదే కదా, ఇప్పుడు కాలం కాదే!" అని ఆయన ఆశ్చర్యపడెను. వాయుగుండమునకును, మనసు జబ్బునకును ఇంగ్లీషున ఒకటే పేరగుటచే వచ్చిన చిక్కు ఇది. తెలుగున దిగులు, బెంగ, వ్యాకులత, మనోవ్యాధి అను మాటలు కలవు. కాని దిగులు అందరికిని కలుగును. బెంగ కొన్నాళ్ళకు తీరును. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిదినము, రెండు వారములకు తక్కువ కాకుండ మనసు క్రుంగియుండుట, లేక పూర్వము ఇష్టమైన పనులమీద ఆసక్తి చచ్చిపోవుట ఈ జబ్బునకు ముఖ్య లక్షణములు. వీనితోపాటు నిద్ర చెడుట, ఆకలి తగ్గుట లేక మితిమీరుట, ఊరకయే అలసట, మనసు ఒకదానిపై నిలువకుండుట, తాను ఎందుకును పనికిరానను భావము, మరణమును గూర్చిన తలంపులు, వీనిలో కొన్ని కలిసి కనిపించును. దీనిని వైద్యులు కుంగుబాటు అనుచున్నారు. పురుషులలో ఇది కొన్నిసార్లు కోపముగా, కొన్నిసార్లు మితిమీరిన మద్యపానముగా బయటపడును. స్త్రీలలో పురుషులకంటె ఎక్కువగా కనిపించును. ప్రసవమైన కొన్ని వారములలో వచ్చుట కూడ కలదు.

వైద్యుని రెండవ అభ్యంతరము చివరి దృశ్యమును గూర్చి. విషము త్రాగుటను తెరమీద చూపినచో అప్పటికే ఆ తలంపుతో నున్నవానికి అది దారి చూపినట్లగునని వారు చెప్పిరి. మాకు మొదట నమ్మశక్యము కాలేదు. సత్య హరిశ్చంద్ర నాటకము చూచి అందరు సత్యవంతులగుట లేదు గదా యని వాదించితిమి. అప్పుడు వారు ఆస్ట్రియా దేశపు వియన్నా నగరము సంగతి చెప్పిరి. అచట భూగర్భ రైలు క్రింద పడి మరణించువారిని గూర్చి 1980 తరువాతి సంవత్సరములలో పత్రికలు విపులముగా వ్రాయుచుండగా అట్టి మరణములు పెరిగినవి. 1987లో పత్రికలు తమ వార్తల తీరు మార్చుకొనగా అవి చాలవరకు తగ్గినవి. దీనికి మారు ప్రక్క కూడ కలదు. అట్టి తలంపు కలిగియు దానిని దాటి బయటపడినవాని కథ చూపినచో అది చూచువారికి మేలు చేయునని తరువాతి పరిశోధకులు చెప్పిరి. మొజార్ట్ అను సంగీతకారుడు 1791లో కూర్చిన ఒక సంగీతనాటకమున పాపగేనో అను పక్షులు పట్టువాడు ప్రాణము తీసికొనబోగా ముగ్గురు బాలురు అడ్డుపడి వేరొక మార్గము చెప్పుదురు. ఆ పాత్ర పేరనే పండితులు ఈ మేలునకు ‘పాపగేనో ప్రభావము’ అని పేరు పెట్టిరి. వైద్యుడు ఇంకొక మాట కూడ అనిరి: అప్పు వలన చనిపోయెనని ఒకే కారణము చూపినచో, అప్పున్న ప్రతివానికిని అదియే గతియని చెప్పినట్లగును.

విద్యార్థులు ఆ రాత్రియే కథ చింపివేసిరి. మేము చింపవద్దని, కొంత దిద్దిన చాలునని చెప్పితిమి గాని వినలేదు. రెండు దినములలో వేరొక కథ వ్రాసిరి. ఇందు గడ్డము లేదు, చీకటి గది లేదు. ఒక రైతు ఉదయమునుండి రాత్రివరకు తన పనులు తాను చేసికొనును. దారిలో ఐదుగురు కలిసి "ఎలా ఉన్నావు?" అని అడుగుదురు. ఐదుగురికిని "బాగానే ఉన్నాను" అని ఒకే సమాధానము చెప్పును. కాని ఇంటిలో రేడియో మూగవోయి యున్నది; తాను పెంచిన కోడిపుంజు పేరు కూడ పిలుచుట లేదు. చివర ఆరవ మనిషి వచ్చి ఎలా ఉన్నావని అడుగక, ప్రక్కన కూర్చుండి "రేడియో ఎందుకు పెట్టటం లేదు?" అని అడుగును. అంతటితో చిత్రము ముగియును. నిడివి 14 నిమిషములు. పేరు కూడ మారి ‘బాగానే ఉన్నాను’ అయినది.

రైతు పాత్రకు యాబది యేండ్ల మనిషి కావలెను. జట్టులో అట్టివారు లేరు. "మామయ్య గారు వేస్తే?" అని పిల్లలు అనగా అందరును ఉత్సాహపడితిమి. వారు నవ్వుచు, "వేషమెందుకమ్మా, రోజూ చెప్పే మాటే కదా, చెప్పేస్తా" అని ఒప్పుకొనిరి. ఈ మాట మా చెవులతో మేము వింటిమి. విని అందరితోపాటు నవ్వితిమి. నాలుగు దినములు చిత్రీకరణ జరిగినది. ఒక్కొక్క దృశ్యము మొదటిసారియే సరిపోవుచుండెను. ఊరివారు చేరి చప్పట్లు కొట్టుచుండిరి. ఇన్నాళ్ళు నాటకములు వేయక ఎట్లున్నారని మేము కూడ వారి వీపు తట్టితిమి.

చిత్రమునకు దర్శకత్వము వహించిన బాలిక కళాశాలకు తిరిగిపోయి దృశ్యములు కూర్చుచు ఒక సంగతి కనిపెట్టెను. ‘కట్’ అనిన తరువాత కూడ కెమెరా కొన్ని క్షణములు తిరుగుచునే యుండును గదా. సాధారణముగా నటులు ఆ మాట వినగానే నవ్వుదురు, చెమట తుడుచుకొందురు, ఎట్లు వచ్చినదని అడుగుదురు. ఇచట అట్లు లేదు. ‘కట్’ అను మాట వినబడును. ఎదుటి పాత్ర వేసిన కుర్రవాడు నవ్వుచు ప్రక్కకు పోవును. వీరు మాత్రము అట్లే కూర్చుండి యుందురు. కంటిలో నవ్వు ఆరిపోవును. ఒక దృశ్యమున 11 సెకండ్లు, ఇంకొకదానిలో అంతకంటె ఎక్కువసేపు. తరువాత ఎవరో పిలువగానే మరల నవ్వు తెచ్చుకొని లేచుదురు. ఆ బాలిక ఈ ముక్కలన్నియు వరుసగా చేర్చి మాకు చూపి, "సార్, ఆయన నటించలేదు" అనెను.

మేమేమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. "అలసిపోయి ఉంటారమ్మా, ఎండలో తిప్పాం కదా" అంటిమి. అంతేకాక, ఒకరి ఇంటి సంగతులలో తలదూర్చుట మన పని కాదనియు, చిత్రము గడువు సమీపించుచున్నదనియు గుర్తుచేసితిమి. చిత్రములో ఆ ఐదుగురు బాటసారులు చేసిన పనియే మేమును చేసితిమి. ఆమె మారు పలుకక మరునాడు తొలి బస్సుకు ఆ ఊరు వెళ్ళెను.

కల్లములో వారొక్కరే యుండిరట. ఆమె ఎలా ఉన్నారని అడుగలేదు. ఆ ప్రశ్నకు సమాధానమేదో ఆమెకు తెలియును, ఐదుసార్లు చిత్రించినది. ప్రక్కన కూర్చుండి తాలుకాయలు ఏరుచు, "మామయ్య గారూ, రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?" అని అడిగెను.

"పడుతుందమ్మా. మూడింటికి మెలకువొచ్చేస్తుంది. ఇక పట్టదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా నుంచి అనుకుంటా."

"అప్పులేమైనా ఇబ్బందిగా ఉన్నాయా?"

"అప్పులేని రైతెవడమ్మా? కానీ అది కాదు. పంట బాగానే వచ్చింది. పిల్లలు బాగానే ఉన్నారు. నాకే ఏందో... అన్నం తింటుంటే మట్టి తిన్నట్టుంటది. నలుగురొస్తే నవ్వుతా. వాళ్ళు పోయాక రాళ్ళు మోసినట్టు ఒళ్ళంతా బరువు."

ఈ మాటలు మేము ఆమె చెప్పగా వ్రాసికొన్నవి. సభ్యులు ఒక విషయము గమనింపవలెను. పంట పోయినవానికే, అప్పు పెరిగినవానికే ఈ జబ్బు వచ్చునని మనము తలంచుచుందుము. కష్టములు దీనిని తెచ్చుట నిజమే. కాని కారణమేదియు కనబడకయు రావచ్చును. కారణము కనబడనప్పుడు రోగి తన్ను తానే నిందించుకొనును. అన్నియు ఉండి నాకేమి రోగమని సిగ్గుపడి ఇంకను లోపలికి దాచుకొనును. మామయ్య గారి విషయమున జరిగినది అదియే.

ఆ తరువాత ఆమె అసలు ప్రశ్న అడిగెను. వైద్యుడు చెప్పియుండుటచే అడుగగలిగితినని, నోరు ఎండిపోయినదని మాతో చెప్పెను. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, మామయ్య గారూ?"

చాలసేపు కాయలు ఏరుచుండి వారు, "అనిపించింది. ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా" అనిరి.

ఇట్లు అడుగుట తప్పని, లేని ఆలోచన పుట్టించినట్లగునని మన పల్లెలలోనే కాదు, చదువుకొన్నవారిలో కూడ గట్టి నమ్మకము కలదు. అది నిజము కాదు. సూటిగా, దయగా అడుగుట వలన ఆ తలంపు పుట్టదు. పెక్కుమందికి భారము దిగును. అడిగినవారు ఉపన్యాసము చేయరాదు. భార్యాపిల్లలను తలచుకొమ్మని, దేవుని నమ్ముమని, మగవాడవై ఇట్లగుటేమని అనరాదు. మన బాలిక ఆ తప్పులు చేయలేదు. "ఇది జబ్బు మామయ్య గారూ. మందుంది. ఆసుపత్రికి నేనూ వస్తాను" అని మాత్రము చెప్పెను. వారు సరేయనిన పిమ్మట ఇల్లాలిని పిలిచి చెప్పిరి. ఆ తల్లి ఏడ్వలేదు. "ఏదో ఉందని నాకు తెలుసమ్మా. కూరలో ఉప్పు లేదని కూడా అనటం మానేశారు. నా మీద కోపమేమో అనుకున్నా" అనెను. ఆ దినమే ఇంటనున్న పురుగుమందు డబ్బాలు బావమరిది ఇంటికి చేర్చిరి. అచటనుండియే 14416 నంబరునకు ఫోను చేసిరి. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రింబగళ్ళు పనిచేయును, తెలుగులో మాటలాడుదురు, ఖర్చు లేదు.

మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటనుండి జిల్లా ఆసుపత్రికి వెళ్ళిరి. ప్రయాణమునకు ముందు వారొక్క షరతు పెట్టిరి: ఊరిలో నడుమునొప్పికని చెప్పవలెను. మనలో ఎవరైనను కొంచెము తేడాగా మాటలాడినచో "ఎర్రగడ్డకు పంపాలి", "చినవాల్తేరులో చేర్చాలి" అని పరిహాసమాడుట కలదు. వేలమందికి వైద్యము చేసిన ఆసుపత్రుల పేర్లు తిట్లుగా మారుట మన దౌర్భాగ్యము. ఆ పరిహాసము వినియే రోగులు నడుమునొప్పి చాటున దాగుచున్నారు.

వైద్యము వలన మరునాడే మార్పు రాలేదు. ఈ సంగతి సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలెను. కుంగుబాటునకు ఇచ్చు మందులు పనిచేయుటకు సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టును. మొదటి దినములలో కడుపులో తిప్పుట వంటి బాధలు ముందుగా వచ్చును, గుణము వెనుక వచ్చును. కనుకనే చాలమంది రెండవ వారమున మాత్రలు పారవేయుదురు. మామయ్య గారు కూడ పారవేయబోయిరి. ఆశా కార్యకర్త వారమునకొకసారి వారి ఇంటికి మజ్జిగ త్రాగుట కన్నట్లు వెళ్ళి మాత్రల చీటి చూచి వచ్చుచుండుటచే ఆగిరి. ఆరవ వారమున తెల్లవారుజాము 5 గంటలవరకు నిద్రపోతినని ఆమెకు చెప్పిరట. నయమైన తరువాతను కనీసము ఆరు నెలలు మందు మానరాదని వైద్యులు చెప్పుదురు. ఈ మందులు మత్తుమందులు కావు, మద్యమువలె వ్యసనముగా మారవు; అయినను ఒక్కసారిగా మానరాదు. నిద్రమాత్రల సంగతి వేరు. కొన్నింటికి అలవాటు పడు ప్రమాదము కలదు గనుక దుకాణమున అడిగి కొనుక్కొని మ్రింగరాదు. మందుతోపాటు మాటలతో చేయు చికిత్స కూడ కలదు. తేలికపాటి కుంగుబాటునకు అదియే చాలవచ్చును.

ఇక చిత్రము సంగతి. పరీక్షకు పది దినములు మిగిలియున్నవి. చేతిలోనున్న చిత్రము మేము చూచిన విద్యార్థి చిత్రములన్నింటిలోను మేలైనది. ‘కట్’ తరువాతి ఆ 11 సెకండ్లను కూడ చేర్చినచో చూచినవారెవరును మరువజాలరు. చేర్చవలెనని జట్టులో ఇద్దరు వాదించిరి. మాకును ఆశ కలిగినది. దర్శకురాలు మాత్రము వారినడుగక ఒక్క ముక్కయు వాడననెను. అడుగగా మామయ్య గారు, "వాడుకోండమ్మా, మీ చదువు కదా" అనిరి. ఆ రాత్రి వారి కుమార్తె ఫోను చేసినది. తనకు సంబంధములు చూచుచున్నారట. తండ్రి జబ్బు మాట పొక్కినచో వచ్చినవారు వెనుదిరుగుదురట. "నాన్న కాదనలేక ఒప్పుకున్నారక్కా" అనినదట.

విద్యార్థులు ఆ దృశ్యములన్నియు తీసివేసి, నాలుగు దినములలో వేరొక ఊరిలో, వేరొక మనిషితో చిత్రము మొదటినుండి మరల తీసిరి. ఈసారి రైతుగా నటించినవారు పౌరాణిక నాటకములలో కృష్ణుని వేషము వేసిన పెద్దలు. వారు "బాగానే ఉన్నాను" అనిన తీరు పద్యమునకు ముందు రాగమెత్తినట్లుండెను. ఎంత చెప్పినను కనుబొమలు ఎగురవేయుట మానలేదు. సత్యము చెప్పవలెనన్న రెండవ చిత్రము మొదటిదానియంత బాగుగా లేదు. పరీక్షకులు నటన అతిగా నున్నదని మార్కులు తగ్గించిరి. విద్యార్థులు కారణము చెప్పుకొనలేదు.

ఇప్పుడు పంచాయతీ పని చూచెదము. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము 20 మంది పెద్దలలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటునకు లోనగుచున్నారు. వారిలో ఎక్కువమందికి వైద్యము అందుట లేదు. ఆ 12లో తెలుగు రాష్ట్రములు లేవు గనుక మనకిది అంచనా మాత్రమే. అయినను 2,000 మంది పెద్దలు గల గ్రామమున ఈ లెక్కన నూరుగురు అగుదురు. మీ వార్డులో ఎందరో లెక్క వేసికొనవచ్చును.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశములలో దోమలను గూర్చి, కాలువలను గూర్చి మాటలాడుదుము. అచట ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను మనసు జబ్బుల సంగతి కూడ అడుగవచ్చును. కాని పేర్లు అడుగరాదు. రోగుల పట్టిక పంచాయతీ గోడకెక్కినచో ఆ మరునాటినుండి ఎవరును నోరు విప్పరు. తరచుగా ఒళ్ళునొప్పులని సెలైన్లు ఎక్కించుకొనువారిని, రచ్చబండకు వచ్చుట మానినవారిని, బాలింతలను, ఇంటిలో ఇటీవల మరణము సంభవించినవారిని వారు ఎరుగుదురు. సభ్యుడు చేయవలసినది వారి ఇంటికి ఒక పూట ఊరక పోయి కూర్చుండుట.

పురుగుమందుల నిలువ రెండవ సంగతి. ఆ తలంపు తీవ్రముగా నుండు సమయము తరచుగా కొద్దిసేపే. ఆ కొద్దిసేపు మందు చేతికి అందనిచో ప్రాణము నిలుచును. శ్రీలంకలో 1990 తరువాతి దశాబ్దమున అతి విషపూరితమైన మందులను నిషేధించిన పిమ్మట, 1995 నుండి 2015 లోపల ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతము తగ్గినది. నిషేధము ప్రభుత్వముల పని. కాని మిగిలిన డబ్బాలను పడకగదిలో, వంటింటి అటకమీద ఉంచరాదని చెప్పుట, అవసరమునకు మించి కొననీయకుండుట గ్రామమున చేయదగినవే.

చట్టమును గూర్చి కూడ చెప్పవలెను. విషము త్రాగినవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు నేటికిని కొందరు పోలీసు కేసునకు భయపడి ఆలస్యము చేయుచున్నారు. పొరపాటున త్రాగెనని అబద్ధము చెప్పుచున్నారు. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము (2017) 115వ సెక్షను ప్రకారము అట్టివాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెనే గాని శిక్షింపరాదు. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పూర్వపు 309వ సెక్షను వంటిది లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయకుండ నిర్బంధించుటకు అట్టి యత్నము చేయుట మాత్రము 226వ సెక్షను క్రింద నేరము. కనుక సభ్యులు ధైర్యము చెప్పి వెంటనే వాహనము ఎక్కించవలెను.

చిత్రమును ఇప్పటికి కొన్ని గ్రామములలో ప్రదర్శించితిమి. మొదటి ఊరిలో ప్రదర్శన కాగానే అలవాటుకొలది అధ్యక్షోపన్యాసము, వందన సమర్పణ పెట్టితిమి, జనము లేచిపోయిరి. రెండవ ఊరినుండి ఉపన్యాసములు మానితిమి. చిత్రమైన పిమ్మట దీపములు వేసి, ఆశా కార్యకర్తయు ఆరోగ్య సిబ్బందియు తెర ప్రక్కన అరగంట కూర్చుందురని మాత్రము చెప్పి ఊరకుండుచున్నాము. చాపలు చుట్టునప్పుడు, పిల్లలను ఇంటికి పంపిన తరువాత ఒకరిద్దరు మెల్లగా వత్తురు. "మా ఆయనకి నిద్ర పట్టదు" అనియో, "మా చెల్లెలికండీ" అనియో మొదలు పెట్టుదురు. ఎవరికొరకని మేము రెట్టించి అడుగము.

ప్రదర్శన కావలసిన పంచాయతీలు జిల్లా కార్యాలయమునకు కోతలు లేని వారము చూచి వ్రాయవలెను. తెరయు పరికరములును మేము తెచ్చెదము. కరెంటు, చాపలు, ఆ అరగంట కూర్చుండుటకు గుంపునకు కొంచెము దూరముగా రెండు కుర్చీలు పంచాయతీ సమకూర్చవలెను.